పెట్టె మీద పేరు కలిస్తే జోడీ కుదిరినట్టేనా?

సంపాదకులకు నమస్కారం.

సరదాకి గురి కొట్టేవాళ్లలో రివాల్వర్‌నీ లీవర్ యాక్షన్ రైఫిల్‌నీ (ట్రిగ్గర్ కింది లీవర్‌ని తిప్పితే కొత్త తూటా ఎక్కేది) జోడీగా కొనుక్కోవాలన్న కోరిక బాగా కనిపిస్తుంది. రెండింటికీ ఒకే తూటా, ఒకే పెట్టె, ఒకే బెల్టు. వినడానికి ఇంతకంటే సుఖమైన ఏర్పాటు లేదు. అయితే దీని మీద జరిగే చర్చంతా తూటా కొలతల్లో .357 మేలా, .44 మేలా, .45 మేలా అన్న దగ్గరే ఆగిపోతుంది. అసలు సంగతి తుపాకులు రెండూ చేతికొచ్చాక బయటపడుతుంది. రివాల్వర్ లొట్టలేసుకుని తిన్న తూటాని రైఫిల్ గొంతులో ఇరికించుకుని కూర్చుంటుంది. అందుకే ముందు రైఫిల్ ఎంచుకోమంటాను. తర్వాత ఆ రైఫిల్ తడబడకుండా తీసుకునే తూటా ఏదో తేల్చుకోవాలి. రివాల్వర్ చివరన కొనాలి. చాలామంది దీన్ని సరిగ్గా తలకిందులుగా చేస్తారు. ముందు నచ్చిన రివాల్వర్ కొని, దానికి తోడు వెతుకుతారు.

కారణం చిన్నదే. రివాల్వర్‌లో ప్రతి తూటానీ మన చేత్తో మనమే సిలిండర్‌లోని గదిలో, అంటే అది పేలే చోట, పెడతాం. ముక్కు గుండ్రంగా ఉన్నా, చదునుగా ఉన్నా, అసలు ముక్కే లేకుండా కేస్ (మందు నింపే లోహపు గొట్టం, దాని కొసన బుల్లెట్ ఉంటుంది) మూతితో సమంగా కోసేసినట్టున్నా దానికి పట్టింపు లేదు. లీవర్ రైఫిల్‌లో తూటా బ్యారెల్ కింది గొట్టంలోంచి స్ప్రింగ్ తోపుకి వెనక్కి వస్తుంది, క్యారియర్ (తూటాని పైకెత్తే భాగం) మీదికెక్కుతుంది, పైకి లేస్తుంది, బోల్ట్ దాన్ని ముందుకు నెడితే గదిలోకి దూరుతుంది. ఈ ప్రయాణంలో పొడవు, ముక్కు ఆకారం, కేస్ అడుగు అంచు మందం ఏది తేడా వచ్చినా లీవర్ సగంలో బిగుసుకుంటుంది.

ఈ జోడీ పద్ధతి 1873 నాటిది. ఆ ఏడు వించెస్టర్ తన రైఫిల్‌నీ .44-40 తూటానీ తెచ్చింది. కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ రివాల్వర్ కూడా ఆ ఏడే వచ్చింది, కానీ .45 కోల్ట్‌లో. కోల్ట్ తన రివాల్వర్‌ని .44-40లో ఇచ్చింది 1878లో. ఆ తర్వాత .38-40, .32-20 కూడా రెండు రకాల ఆయుధాల్లోనూ నడిచాయి. సినిమాల పుణ్యమా అని అందరూ పాతకాలపు జోడీ అంటే .45 కోల్ట్ అనుకుంటారు. నిజానికి పంతొమ్మిదో శతాబ్దంలో .45 కోల్ట్‌కి లీవర్ రైఫిలే లేదు. పాత .45 కేస్ అంచు ఒంటికంటే ఏమంత బయటికి రాదు, ఖాళీ కేస్‌ని బయటికి లాగే రైఫిల్ ఎక్స్‌ట్రాక్టర్ గోరు పట్టుకోవడానికి చోటుండదు. రివాల్వర్‌లో ఖాళీ కేస్‌ని కడ్డీతో లోపల్నుంచి తోస్తాం కనుక ఆ లోటు తెలియలేదు. ఇప్పటి కేస్‌లకి అంచు కాస్త వెడల్పు చేసి, దాని ముందు గాడి తీశారు. అందుకే ఇప్పుడు .45 కోల్ట్ రైఫిళ్లు దొరుకుతున్నాయి. పాతకాలపు తీరు అక్షరాలా పాటించాలనుకునేవారికి .44-40 సరైన పేరు.

ఇక ఏ తూటా అన్న ప్రశ్న. మొదటి జోడీ కొనేవారికి నా జవాబు .357 మ్యాగ్నం. ఎందుకంటే ఆ గదిలో .38 స్పెషల్ కూడా పేలుతుంది. రెండింటి బుల్లెట్ వ్యాసం ఒకటే. .38 స్పెషల్ కేస్ పొడవు 1.155 అంగుళాలు, .357 కేస్ 1.290 అంగుళాలు. ఆ పొడవు పెంచింది ఎక్కువ మందు పట్టడానికి కాదు, పాత బలహీనమైన .38 రివాల్వర్లలో మ్యాగ్నం తూటా దూరకుండా ఆపడానికి. ఒత్తిడి చూస్తే తేడా అర్థమవుతుంది: .38 స్పెషల్‌కి చదరపు అంగుళానికి 17,000 పౌన్ల పరిమితి, .357కి 35,000. కాబట్టి .357 తుపాకీలో .38 వేయొచ్చు, .38 అని రాసున్న తుపాకీలో .357 వేయాలని చూడకూడదు.

ఈ రెంటిలో రైఫిల్ బ్యారెల్ వల్ల దేనికి లాభం? 158 గ్రెయిన్ల, అంటే దాదాపు పది గ్రాముల బుల్లెట్ ఉన్న .357 నాలుగంగుళాల రివాల్వర్‌లోంచి సెకనుకు సుమారు 1,200 అడుగుల వేగంతో వెళుతుంది. అదే తూటా పద్ధెనిమిది, ఇరవై అంగుళాల రైఫిల్‌లో 1,700 దాటగలదు. నెమ్మదిగా మండే మందు కాబట్టి పొడవాటి బ్యారెల్‌లో చివరిదాకా తోస్తూనే ఉంటుంది. .38 స్పెషల్‌లో ఉండేది తక్కువ మోతాదు, త్వరగా మండే మందు. రైఫిల్‌లో దానికి వందో రెండొందలో అడుగులు పెరిగితే అదే గొప్ప. కానీ ఆ మెత్తదనమే దాని అందం. మూడు కిలోల రైఫిల్‌లో .38 పేలిస్తే భుజానికి తట్టినట్టే ఉండదు, చప్పుడూ తక్కువ. కొత్తవారికి, పిల్లలకి నేర్పడానికి అంతకంటే మంచిది .22 తప్ప మరొకటి లేదు.

ఇక్కడొక జాగ్రత్త. చాలా తక్కువ మందు వేసిన .38 తూటా, అందులోనూ రాగి తొడుగున్న బుల్లెట్, ఇరవై నాలుగంగుళాల బ్యారెల్‌లో ఒరుసుకుంటూ వెళ్లి మధ్యలో ఆగిపోయే ప్రమాదం ఉంది. రివాల్వర్‌లో అదే తూటా హాయిగా బయటపడుతుంది కాబట్టి అనుమానం రాదు. ‘టప్’ మన్నట్టు వింత చప్పుడు వచ్చినా, తుపాకీ వెనక్కి తన్నినట్టు తెలియకపోయినా లీవర్ మళ్లీ తిప్పకండి. బ్యారెల్‌లో ఇరుక్కున్న బుల్లెట్ వెనక ఇంకొకటి పేలిస్తే బ్యారెల్ ఉబ్బుతుంది లేదా పగులుతుంది. లీవర్ రైఫిల్‌లో చేతికి వేగం అలవాటు కావడం వల్ల ఈ తప్పు జరగడం తేలిక. తొడుగు లేని సీసపు బుల్లెట్‌కి ఒరిపిడి తక్కువ. మెత్తటి తూటాలకి సీసమే వాడాలనేది అందుకే.

.44 మ్యాగ్నం గురించి ఎక్కువ చెప్పను. మంచి తూటా. 240 గ్రెయిన్ల బుల్లెట్ రైఫిల్‌లో సెకనుకు 1,700 అడుగుల దరిదాపుకి వెళుతుంది. .44 స్పెషల్ కూడా అందులో వేయొచ్చు. కానీ పొద్దుటినుంచి సాయంత్రం దాకా డబ్బాలు పడగొట్టుకునే సరదాకి మ్యాగ్నం మోతాదు రివాల్వర్‌లో మణికట్టుని తినేస్తుంది, .44 స్పెషల్ కొనబోతే .38 కంటే ఖరీదు. వేట కూడా మనసులో ఉన్నవారు దీని వైపు చూడొచ్చు. పాత మార్లిన్ 1894 మోడల్ లీవర్ రైఫిల్‌లో .44 బ్యారెల్ మెలిక (బుల్లెట్‌ని తిప్పే లోపలి గాళ్ల మెలిక) 38 అంగుళాలకొక చుట్టు. అంత నెమ్మది మెలికలో 300 గ్రెయిన్ల బరువు బుల్లెట్లు సరిగా స్థిరపడవు, గురిపలక మీద రంధ్రాల గుంపు విచ్చిపోతుంది. 2020లో మార్లిన్ రూగర్ కంపెనీ చేతికి వచ్చాక తయారైన .44 బ్యారెళ్లలో మెలిక 20 అంగుళాలకొకటి, ఆ చిక్కు లేదు.

.45 కోల్ట్ తో చిక్కు వేరు. దీని ఒత్తిడి పరిమితి 14,000 పౌన్లే. అంత తక్కువ ఒత్తిడికి తిన్నటి మందపాటి కేస్ గోడ ఉబ్బి గదిని మూయదు. మసి వెనక్కి తన్ని, రైఫిల్ లోపలి భాగాల మీదా షూటర్ ముఖం మీదా పడుతుంది. అదే .44-40 కేస్ మెడ పలచన, సీసా మెడలాగా కాస్త సన్నబడి ఉంటుంది కాబట్టి వెంటనే ఉబ్బి గదికి అతుక్కుని మసిని ఆపుతుంది. పాతకాలపు నల్ల తుపాకిమందు (బ్లాక్ పౌడర్) వాడేవారు .44-40ని ఊరకే ఇష్టపడరు. కాకపోతే ఆ పలచటి మెడే తూటాల్లో తామే మందు నింపుకునేవారికి శత్రువు, డై (కేస్‌ని ఆకారానికి తెచ్చే అచ్చు) కి కొంచెం తగిలినా నలిగిపోతుంది.

.45 విషయంలో ఇంకొక మాట, ఇది ప్రాణాలకి సంబంధించినది. మార్కెట్లో ‘రూగర్‌కి మాత్రమే’ అనే తరహా హెచ్చరికతో బలమైన .45 కోల్ట్ తూటాలు ఉన్నాయి. అవి రూగర్ బ్లాక్‌హాక్ లాంటి బరువు ఫ్రేమ్ రివాల్వర్ల కోసం. 2005లో వచ్చిన రూగర్ న్యూ వకెరో ఫ్రేమ్ పాత వకెరో కంటే చిన్నది, పేరు రూగరే అయినా ఆ తూటాలు దానికి తగవు. కోల్ట్ నమూనా రివాల్వర్లకీ, 1873 తరహా రైఫిళ్లకీ అసలే తగవు. జోడీ అన్న మాట మోసం చేసేది ఇక్కడే. రైఫిల్ తట్టుకునే తూటా రివాల్వర్ తట్టుకోకపోవచ్చు. ఒకే బెల్టులోంచి రెండింటికీ తీసి వేస్తున్నప్పుడు రెంటిలో బలహీనమైనది ఏదో దాన్ని బట్టే తూటా కొనాలి.

రైఫిళ్ల దగ్గరికి వద్దాం. 1873 వించెస్టర్, దాని ఇటలీ నమూనాలు మోకాలి కీలు లాంటి జంట లింకులతో పనిచేస్తాయి. లీవర్ తిప్పితే వెన్నలా కదులుతుంది. స్ట్రోక్ (లీవర్ తిరిగే దూరం) తగ్గించిన రకాలైతే చెయ్యి ఊపినట్టే ఉండదు, పాతకాలపు తుపాకులతో జరిగే కౌబాయ్ పోటీల్లో వేగంగా కొట్టేవారిలో ఎక్కువమంది చేతిలో ఉండేది అందుకే ఇది. కానీ ఆ లింకుల కీళ్లకి ఒత్తిడి తట్టుకునే బలం తక్కువ. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన 1892 మోడల్‌లో రెండు నిలువు ఉక్కు దిమ్మెలు బోల్ట్ వెనక లేచి తాళం వేస్తాయి. బరువు తక్కువ, బలం ఎక్కువ. బ్రెజిల్‌లో తయారయ్యే రోసీ ఆర్92 ఈ నమూనాయే. పదహారంగుళాల బ్యారెల్ రకం రెండుంబావు కిలోలకి అటూ ఇటూ తూగుతుంది. పెట్టెలోంచి తీసినప్పుడు గరుకుగా, స్ప్రింగులు మొండిగా ఉంటాయి. ఎజెక్టర్ స్ప్రింగ్ ఖాళీ కేస్‌లని పక్క లైన్ దాకా విసురుతుంది. దాన్ని మెత్తబరచమని, హ్యామర్ స్ప్రింగ్ కూడా కత్తిరించమని సలహాలు వినిపిస్తాయి. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, ఎక్కువ కత్తిరిస్తే ప్రైమర్ (కేస్ అడుగున ఉండి మందుని అంటించే గుండీ) పేలదు. స్ప్రింగ్ కత్తిరించడం కంటే కొలత ప్రకారం తయారైన తేలికపాటి స్ప్రింగ్ వేయడం మేలు.

మార్లిన్ 1894కీ వించెస్టర్ 92కీ పెద్ద తేడా పైకప్పు. మార్లిన్ రిసీవర్ (బోల్ట్ కదిలే నడిమి భాగం) పైన మూసి ఉంటుంది, కేస్ పక్కనుంచి పోతుంది కనుక పైన స్కోప్ పెట్టుకోవచ్చు. 73, 92ల్లో కేస్ నెత్తిమీదుగా ఎగురుతుంది. నా దృష్టిలో అంతకంటే పెద్ద సుఖం శుభ్రం చేయడంలో ఉంది. మార్లిన్‌లో లీవర్ స్క్రూ ఒకటి విప్పితే లీవర్, బోల్ట్ బయటికొస్తాయి, బ్యారెల్‌ని వెనకనుంచి తుడవొచ్చు. 92లో అంత తేలిగ్గా కుదరదు. మూతి వైపునుంచి కడ్డీ దూరిస్తే ఏళ్లు గడిచే కొద్దీ మూతి అంచు అరిగి గురి చెడుతుంది. వెనకనుంచి లాగే తాడు బ్రష్ వాడితే ఆ బాధ తప్పుతుంది.

మార్లిన్‌కి దాని జబ్బు దానికుంది. లీవర్ మీది పదునైన అంచు క్యారియర్ కింది భాగాన్ని అరగదీస్తూ పోతుంది. కొన్నాళ్లకి క్యారియర్ అనుకున్న ఎత్తులో నిలబడదు, గొట్టంలోంచి రెండో తూటా దాని కిందికి జారుతుంది, లీవర్ అటూ రాదు ఇటూ పోదు. బలంతో లాగితే ఇంకా బిగుస్తుంది. కొత్త రైఫిల్‌కే ఆ లీవర్ అంచుని సన్నటి రాయితో గుండ్రం చేయించుకుంటే ఈ అరుగుదల చాలావరకు ఆగుతుంది. పాత మార్లిన్ కొనేటప్పుడు క్యారియర్ అడుగున గీత పడిందేమో ముందు చూడండి.

హెన్రీ బిగ్ బాయ్ ఇత్తడి రిసీవర్ రకం దాదాపు 3.9 కిలోలు. .38 వేస్తే కదలదు, కానీ ఎత్తి నిలబెట్టే చేతికి తెలుస్తుంది. మొదట్లో దీనికి తూటాలు నింపే పక్క కిటికీ లేదు, గొట్టం లోపలి భాగం పైకి లాగి ముందునుంచి నింపాలి. తూటాలు ఖాళీ చేయడానికి మాత్రం అది ఎంతో సుఖం, లోపలి గొట్టం లాగి తుపాకీ వంచితే అన్నీ రాలిపోతాయి. తర్వాత వచ్చిన రకాలకి పక్క కిటికీ కూడా ఇచ్చారు. మిగతా రైఫిళ్లలో గొట్టం ఖాళీ చేయాలంటే ప్రతి తూటానీ లీవర్‌తో గదిలోకి ఎక్కించి దించాలి. ఆ పని చేస్తున్నంతసేపూ మూతి మట్టికట్ట వైపే ఉండాలి, ట్రిగ్గర్ మీద వేలుండకూడదు.

ఇప్పుడు అసలు చిక్కుముడికి వస్తున్నాను. తూటా బుల్లెట్ మీద రైఫిల్, రివాల్వర్ రెండూ పనిచేస్తాయి, కానీ ఒకటి ఎడ్డెమంటే ఇంకొకటి తెడ్డెమంటుంది. రైఫిల్ గొట్టంలో తూటాలు ఒకదాని ముక్కు మీద ఇంకొకటి కూర్చుంటాయి. వెనక్కి తోసే స్ప్రింగు, పేలినప్పుడు తన్ను రెండూ కలిసి బుల్లెట్‌ని కేస్ లోపలికి నొక్కుతాయి. రివాల్వర్‌లో సరిగ్గా వ్యతిరేకం. తుపాకీ వెనక్కి తన్నుతుంది, కేస్ దాంతోపాటు వెళుతుంది, బరువైన బుల్లెట్ ఉన్నచోటే ఉండబోతుంది. అంటే పేలని తూటాల బుల్లెట్లు కేస్‌లోంచి కొంచెం కొంచెంగా ముందుకు జారతాయి. సిలిండర్ ముందు ముక్కు బయటికి పొడుచుకొస్తే సిలిండర్ తిరగదు. ఈ రెంటినీ ఆపేది ఒకటే, బుల్లెట్ నడుమున ఉన్న గాడిలోకి కేస్ మూతిని గట్టిగా మడిచిన రోల్ క్రింప్. గాడిలేని బుల్లెట్, నామమాత్రం మడత ఉన్న తూటా రివాల్వర్‌లో మెత్తటి మోతాదుకి సరిపోవచ్చు, రైఫిల్ గొట్టంలో మాత్రం వెనక్కి కూర్చుంటుంది. బుల్లెట్ లోపలికి దిగితే మందుకి చోటు తగ్గి ఒత్తిడి పెరుగుతుంది, పైగా పొడవు తగ్గి క్యారియర్ దగ్గర ఇరుక్కుంటుంది.

పొడవు అన్నాను కదా, అది కేస్ పొడవు కాదు, మొత్తం తూటా పొడవు. .38 స్పెషల్ మొత్తం పొడవు గరిష్ఠంగా 1.55 అంగుళాలు, .357కి 1.59. కేస్‌ల మధ్య 0.135 అంగుళాల తేడా ఉన్నా మొత్తంలో తేడా నాలుగు వందోవంతులే. అందుకే పొడవాటి ముక్కున్న .38లు చాలా .357 రైఫిళ్లలో ఇబ్బంది లేకుండా నడుస్తాయి. 1873 నమూనాలో ఈ పొడవు మరీ కీలకం. దాని క్యారియర్ నిలువుగా లేచే ఇత్తడి దిమ్మె. తూటా పొడవు ఎక్కువైతే అందులో పట్టదు. పొట్టిదైతే దాని వెనకే వచ్చే తూటా అంచు దిమ్మెలోకి కొంచెం తొంగిచూస్తుంది, దిమ్మె పైకి లేవబోయి దాన్ని కొరికి ఆగిపోతుంది. కాబట్టి ముక్కు లేకుండా కేస్ మూతితో సమంగా ఉండే వాడ్‌కటర్ తూటాలు, రివాల్వర్‌లో కాగితం మీద ఎంత గుండ్రటి రంధ్రం చేసినా, లీవర్ రైఫిల్‌కి పనికిరావు.

ముక్కు ఆకారం ఇంకొకటి. సెమీ వాడ్‌కటర్ అనే రకం బుల్లెట్‌కి నడుమున పదునైన భుజం ఉంటుంది, అది గది అంచుకి తగులుకుంటుంది. ఏ రైఫిల్‌లో నడుస్తుందో ఏ రైఫిల్‌లో నడవదో ముందు చెప్పలేం, కొన్ని 92లు తింటాయి, పక్కనున్న మరో 92 తినదు. వాలుగా సన్నబడి, కొసన చదునుగా ఉండే ముక్కు అన్నింటికంటే నమ్మకం. మొనదేలిన బుల్లెట్ గొట్టంలో అసలు వద్దు. దాని మొన ముందున్న తూటా ప్రైమర్ మీద కూర్చుంటుంది, తన్నుకి అది పేలే ప్రమాదం ఉంది. చదును కొస ఆ దెబ్బని పరుచుకుంటుంది. మెత్తటి పాలిమర్ మొనతో రైఫిల్ గొట్టం కోసమే చేసిన తూటాలు ఉన్నాయి, అవి ఈ నియమానికి మినహాయింపు.

.357లో రోజుల తరబడి .38లే పేలిస్తే ఇంకో పేచీ వస్తుంది. పొట్టి కేస్ మూతి ఆగే చోట గదిలో మసీ సీసమూ కలిసి ఉంగరంలా గడ్డకడతాయి. తర్వాత .357 వేస్తే అది ఆ ఉంగరంలోకి బిగుసుకుని దూరుతుంది, మూతి విప్పుకునే చోటు లేక ఒత్తిడి పెరుగుతుంది, ఖాళీ కేస్ వదలదు. రివాల్వర్‌లో ఆరు గదులకీ, రైఫిల్‌లో ఒకే ఒక గదికీ ఇది జరుగుతుంది. ఒకే గదిలో అన్ని తూటాలూ పేలతాయి కనుక రైఫిల్‌లో వేగంగా పేరుకుంటుంది. ప్రతిసారీ ఇంటికి వచ్చాక గది కొలతకి తగ్గ కంచు బ్రష్‌ని చుట్టూ తిప్పి తీసేస్తే పేచీ ఉండదు. మందు నింపుకునేవాళ్లు .357 కేస్‌లోనే మెత్తటి మోతాదు వేసి ఈ గొడవంతా తప్పించుకుంటారు.

రివాల్వర్ ఎంపికకి వస్తే, సింగిల్ యాక్షన్ (ప్రతిసారీ హ్యామర్‌ని వేలితో ఎక్కించాల్సింది) కావాలో డబుల్ యాక్షన్ (ట్రిగ్గర్ నొక్కితే ఆ పనీ జరిగేది) కావాలో మీ సరదా చెబుతుంది. పాతకాలపు తీరు, కౌబాయ్ పోటీలు అయితే సింగిల్ యాక్షన్. ఊరికే గురి కొట్టాలంటే స్మిత్ అండ్ వెస్సన్ 686, రూగర్ జీపీ100 లాంటి నాలుగు, ఆరంగుళాల బరువైన .357 రివాల్వర్లు .38తో అసలు కదలవు, సిలిండర్ పక్కకి తెరిచి అన్నీ ఒకేసారి దించొచ్చు, నింపొచ్చు. సన్నటి ఫ్రేమ్ ఉన్న పాత స్మిత్ మోడల్ 19 చేతికి అందంగా ఉంటుంది. కానీ దాని ఫోర్సింగ్ కోన్ (సిలిండర్ వైపు బ్యారెల్ మొదలు) కింది భాగం చదునుగా చెక్కినది. తేలికైన 125 గ్రెయిన్ల పూర్తి మోతాదు మ్యాగ్నం తూటాలు ఎక్కువగా పేలిస్తే అక్కడ పగుళ్లు వస్తాయి. పాతది కొనేటప్పుడు భూతద్దం పెట్టి అక్కడ చూడాలి.

కోల్ట్ సింగిల్ యాక్షన్, దాని నమ్మకమైన నకళ్లలో హ్యామర్ ప్రైమర్ మీద వాలుతుంది. ఆరు గదులున్నా అయిదే నింపాలి, హ్యామర్ ఖాళీ గది మీద ఉండాలి. పద్ధతి ఇది: ఒకటి నింపు, ఒకటి వదులు, నాలుగు నింపు, హ్యామర్ పూర్తిగా ఎక్కించి దించు. 1973 నుంచి వచ్చిన రూగర్ న్యూ మోడల్స్‌లో ట్రాన్స్‌ఫర్ బార్ (ట్రిగ్గర్ నొక్కితేనే హ్యామర్ దెబ్బని చేరవేసే ముక్క) ఉంది కనుక ఆరూ నింపినా ప్రమాదం లేదు, అయినా పోటీల్లో అందరూ అయిదే నింపుతారు. సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సందు ఉంటుంది. అక్కడినుంచి మంట, సీసపు పొడి పక్కకి చిమ్ముతాయి. రైఫిల్ పట్టిన అలవాటుతో ఎడమచెయ్యి రివాల్వర్ ముందుకి జారితే వేళ్లు కాలతాయి. జోడీగా మార్చి మార్చి పేల్చేవారిలో ఈ మరపు ఎక్కువ. ఆ సందు 0.004 నుంచి 0.008 అంగుళాల మధ్య ఉంటే బాగున్నట్టు.

సీసపు బుల్లెట్లు వాడేవారు ఒక కొలత చూసుకోవాలి. బుల్లెట్ వ్యాసం బ్యారెల్ గాడి వ్యాసం కంటే ఒకటి, రెండు వెయ్యోవంతు అంగుళాలు పెద్దదిగా ఉండాలి. రివాల్వర్‌లో సిలిండర్ గొంతు బ్యారెల్ కంటే సన్నగా ఉంటే అది బుల్లెట్‌ని ముందే నలిపేస్తుంది, తర్వాత బ్యారెల్‌లో వదులై పక్కలనుంచి వేడి గాలి దూరి సీసం కరిగి గోడలకి అంటుకుంటుంది. రైఫిల్ గాడి, రివాల్వర్ గాడి ఒకటే అని నమ్మకండి. మెత్తటి సీసపు గుండుని బ్యారెల్‌లోంచి తోసి మైక్రోమీటర్‌తో కొలిస్తే పదినిమిషాల్లో తేలుతుంది. పెద్ద బ్యారెల్‌కి సరిపోయే బుల్లెట్, చిన్న దాంట్లో ఇబ్బంది పెట్టకుండా ఉంటే అదే మీ జోడీ బుల్లెట్.

పోటీల కోసం కొనేవారికి రెండు ముక్కలు. సింగిల్ యాక్షన్ షూటింగ్ సొసైటీ పోటీల్లో తొడుగులేని సీసపు బుల్లెట్లే వాడాలి. వేగం రివాల్వర్‌లో సెకనుకు 1,000 అడుగులు, రైఫిల్‌లో 1,400 దాటకూడదు. పూర్తి మోతాదు మ్యాగ్నం తూటాలకి అక్కడ చోటే లేదు. మామూలుగా ఒక స్టేజిలో రైఫిల్‌లో పది, రెండు రివాల్వర్లలో అయిదేసి పేలుస్తారు. అందుకని రైఫిల్ గొట్టంలో పది పట్టాలి. పదహారంగుళాల బ్యారెల్ రైఫిళ్లలో చాలావాటికి ఎనిమిదే పడతాయి. ఇరవై అంగుళాలు తీసుకుంటే ఆ దిగులు లేదు. వెడల్పు లీవర్ వలయం ఫొటోలకి బాగుంటుంది, చెయ్యి ఎక్కువ దూరం తిరగాలి కనుక వేగం తగ్గుతుంది. మామూలు వలయానికి తోలు చుట్టుకోండి, వేళ్ల కణుపులు బతుకుతాయి.

చెవులకి రక్షణ రెండు పొరలు పెట్టుకోండి. .357 రివాల్వర్ చప్పుడు 160 డెసిబెల్స్ దాటుతుంది. లోపల బిరడా, పైన మఫ్ రెండూ ఉండాలి.

గురి కూడా ఒకదానితో ఒకటి పోల్చుకోకండి. రివాల్వర్‌ని 25 గజాల దగ్గర, రైఫిల్‌ని 50 గజాల దగ్గర సరిచేసుకుంటే సరదాకి సరిపోతుంది. 50 గజాల్లో .357తో గురి సరిచేసిన రైఫిల్‌లో .38 వేస్తే వంద గజాల దగ్గర ఎంతో కిందికి తగులుతుంది. సైట్ తప్పు అనుకుని ఆకు అటూ ఇటూ జరిపేవాళ్లున్నారు. ఏ తూటాకి ఏ గుర్తో చిన్న అట్టముక్క మీద రాసి బట్ దగ్గర అంటించుకుంటే చాలు.

కొన్న తర్వాత మొదటి పెట్టె ఎలా వాడాలో చెప్పి ముగిస్తాను. ఒకే రకం తూటాలు యాభై తీసుకోండి, మూడు నాలుగు రకాలు కలపొద్దు. ఒక తూటా మీద గుర్తు పెట్టి, క్యాలిపర్‌తో దాని మొత్తం పొడవు కొలిచి రాసుకోండి. దాన్ని అన్నింటికంటే ముందు గొట్టంలోకి తోసి, వెనక మిగతావి నింపండి. ముందు వెళ్లింది చివరన వస్తుంది. అలా అన్ని తన్నులూ అది గొట్టంలో ఉండగానే తగులుతాయి. పదింట్లో తొమ్మిది పేల్చి, ఆ చివరిదాన్ని పేల్చకుండా బయటికి తీసి మళ్లీ కొలవండి. పొడవు తగ్గితే క్రింప్ చాలదు. తర్వాత పది తూటాలు నెమ్మదిగా, ఇంకో పది గబగబా, లీవర్‌ని ముందుకి చివరిదాకా కొట్టి వెనక్కి చివరిదాకా లాగుతూ పేల్చండి. సగంలో వెనక్కి తెచ్చినందుకు ఆగిందా, తూటా వల్ల ఆగిందా అనేది వేరుచేయడానికే ఈ రెండు వేగాలూ. రివాల్వర్‌లో అయిదు నింపి నాలుగు పేల్చి, అయిదోదాన్ని దించి కొలవండి. పొడవు పెరిగితే ఆ తూటా ఈ రివాల్వర్‌కి మరీ బలమైనది. రెండు తుపాకుల్లోనూ రెండు కొలతలూ మారకుండా ఉన్న తూటా దొరికాక, అదే రకం ఒక పెద్ద పెట్టె కొనండి.

ఇట్లు,
ఒక పాఠకుడు